ఇప్ప ఊట కంపు కొడితే యూరియా కాదు, కారణం వెతకాలి



పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో పోడు పట్టాల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి, డీఎస్సీ గురించి రాస్తుంటాం. ఇప్ప గురించి రాస్తే చాలామంది తల దించుకుంటారు. నేను కూడా దించుకునేవాణ్ణే. హాస్టల్లో చేరిన కొత్తలో ఒకడు "మీవాళ్లు సారా కాస్తారంట గదా" అని నవ్వితే ఏం చెప్పాలో తెలీక నేనూ నవ్వేశాను. ఇప్పుడైతే చెప్పడానికి మాట ఉంది, అందుకే రాస్తున్నా.

ముందే ఒక సంగతి. నాకు 20 ఏళ్లు. 21 నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదని చట్టం ఉంది. నేను తాగను. తాగమని చెప్పడానికి ఇది రాయడం లేదు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా తాత దినాలు వచ్చాయి. పెద్దలకు ఇప్ప పోయకుండా మా ఇంట్లో దినాలు జరగవు. అన్నయ్య రెండు కుండల ఊట పెట్టాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, పువ్వు నానబెట్టి పులియబెట్టిన నీళ్లను మా దిక్కు ఊట అంటారు. ఎండబెట్టిన పువ్వు చాలావరకు అప్పటికే సంతలో అమ్మేశారు. మిగిలింది సరిపోదని అన్నయ్య బెల్లం కలిపాడు. కుండలు రేకుల కింద పెట్టాడు. నాలుగో రోజు పొద్దున మూత తీస్తే ఒక కుండ కుళ్లిన గుడ్డు కంపు. రెండో కుండ ఇంకో రకం, పెయింట్‌లో కలిపే థిన్నర్ వాసన, దాని వెనక సిర్కా పులుపు.

దినాలకు ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. ఇంక చుట్టాలందరూ సలహాలు మొదలుపెట్టారు. ఒక బాబాయి "గుప్పెడు యూరియా వెయ్యి, సర్దుకుంటది" అన్నాడు. ఇంకొకాయన నవాసారం అన్నాడు. యాలకులు, నిమ్మకాయ వేస్తే వాసన తెలీదు అన్నారు. కాస్తే కంపంతా ఆవిరైపోతుంది అన్నారు. ఎవరో షాపు సీసా తెచ్చి కలిపితే ఎవరికీ తెలీదన్నారు.

మా అవ్వ కర్ర పట్టుకుని వచ్చి రెండు కుండలూ వాసన చూసింది. మొదటి కుండ దగ్గర "దానికి ఆకలైందిరా. పరగడుపున మనిషి నోరు కంపు కొట్టదా?" అంది. రెండో కుండ దగ్గర "ఇది చచ్చిపోయింది, పారబొయ్యి" అంది. అంతే.

నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నా. పులియడం గురించి మాకు ఒక పాఠం మొత్తం ఉంది. బీరు ఉంది, ద్రాక్ష వైను ఉంది, పాశ్చర్ ఉన్నాడు. ఇప్ప లేదు. కానీ ఆ రోజు అవ్వ అన్న మాట ఆ పాఠంలో ఉన్నదే. అది అర్థమయ్యేసరికి నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఇప్పను చూసి సిగ్గుపడ్డాను, ఆ రోజు మాత్రం నన్ను చూసి నేనే సిగ్గుపడ్డాను.

ఆ ఆకలి ఏంటో చెప్తా. ఊటను పులియబెట్టేది ఈస్ట్ అనే కంటికి కనపడని జీవి. చక్కెరను తిని మద్యంగా, కార్బన్ డయాక్సైడ్ గాలిగా మారుస్తుంది. కానీ అది బతకాలంటే చక్కెర ఒక్కటే చాలదు, నత్రజని కూడా కావాలి. మనకు ఉత్త గంజి పోసి పప్పు పెట్టకపోతే ఎట్లుంటదో దానికీ అంతే. నత్రజని తక్కువైనప్పుడు ఈస్ట్ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును బయటికి వదులుతుంది. కుళ్లిన గుడ్డు వాసన అదే. లెడ్ ఎసిటేట్‌లో ముంచిన కాగితం ఆ వాయువు తగిలితే నల్లబడుతుంది, ల్యాబ్‌లో మాకు చూపించారు. పువ్వు తగ్గించి బెల్లం పెంచితే చక్కెర పెరుగుతుంది గానీ ఈస్ట్‌కు కావాల్సిన మిగతా తిండి అంతగా పెరగదు. పైగా రేకుల కింద వేడి. ఆకలితో పాటు ఎండదెబ్బ.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. తేనెను నీళ్లలో కలిపి పులియబెట్టి చేసే మద్యాన్ని బయటి దేశాల్లో మీడ్ అంటారు. ఇథియోపియాలో అలాంటిదాన్నే తెజ్ అంటారు. తేనెలో నత్రజని చాలా తక్కువ. అందుకే మీడ్ చేసేవాళ్లకు కూడా ఈ గుడ్డు కంపు బాగా తెలిసిన తలనొప్పి. తేనె వాళ్లది, పువ్వు మనది, లోపల పనిచేసే ఈస్ట్ ఒక్కటే. వాళ్లు దాని మీద పుస్తకాలు రాసుకున్నారు. మనవాళ్లు నోటితో చెప్పుకున్నారు.

ఇప్పుడు అసలు విషయం. ఊట పులిసి దిగిపోయాక వాసన తేడా వస్తే ఏం చెయ్యాలి? నేను పాఠంలో చదివింది, అవ్వ దగ్గర విన్నది పక్కపక్కన పెట్టి చూశాను. నాకు తేలింది ఏంటంటే, అన్ని వాసనలూ ఒకటి కాదు. కొన్ని బాగవుతాయి, కొన్ని కావు. ఏది ఏదో తెలుసుకోకుండా ఏదో ఒకటి కలపడమే మనం చేస్తున్న తప్పు.

గుడ్డు కంపు తొందరగా పట్టుకుంటే పోతుంది. అవ్వ ఏం చేయించిందంటే, ఊటను ఒక కుండలోంచి ఇంకో కుండలోకి పైనుంచి ధారగా పోయించింది. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కాబట్టి అలా పోస్తుంటే గాలిలోకి వెళ్లిపోతుంది. కుండను రేకుల కింద నుంచి తీసి చెట్టు కిందకు మార్పించి, చుట్టూ తడి గోనెసంచి కప్పించింది. మూడు రోజులకు కంపు చాలావరకు పోయింది. రాగి చెంబుతో తిప్పినా ఈ వాసన తగ్గుతుంది, ఎందుకంటే రాగి ఆ గంధకాన్ని పట్టుకుంటుంది. కానీ పుల్లటి దాన్ని రాగిలో నిల్వ పెట్టకూడదు. చిలుము దిగి అదే విషం అవుతుంది.

ఆలస్యం చేస్తే మాత్రం కష్టం. అదే గంధకం మెర్కాప్టాన్లు అనే వేరే పదార్థాలుగా మారుతుంది. అప్పుడు వాసన గుడ్డులాగ ఉండదు, కుళ్లిన ఉల్లిగడ్డలాగ, కాలిన రబ్బరులాగ ఉంటది. ఆ దశలో గాలి పోస్తే వాసన పోయినట్టే అనిపించి కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. అందుకే నాలుగో రోజు కంపును "చూద్దాంలే" అని వదిలేయకూడదు.

పచ్చి కాయ కోసినప్పటి వాసన వస్తే అది అసిటాల్డిహైడ్. దాని అర్థం చాలాసార్లు పని ఇంకా పూర్తి కాలేదని. ఈస్ట్ దాన్ని మద్యంగా మార్చుకుంటూ పోతుంది, సమయం ఇవ్వాలి. దినాలో పెళ్లో దగ్గరపడిందని తొందరపడి వాడేస్తేనే ఈ వాసన మిగిలిపోతుంది. దీనికి మందు ఓపికే.

అట్లని మరీ ఎక్కువ రోజులు వదిలేసినా తప్పే. అడుగున దిగిన మడ్డిలో చచ్చిన ఈస్ట్ ఉంటుంది. దాని మీదే ఊటను రోజుల తరబడి ఉంచితే, అందులో వేడికి, ఆ ఈస్ట్ పగిలి లోపలి పదార్థమంతా కలుస్తుంది. మాంసం ఉడికిన నీళ్లలాంటి బరువైన వాసన వస్తుంది. మడ్డి నుంచి తేటను వేరు చేయడమే దీనికి దారి. వాసన ముదిరాక వేరు చేస్తే మాత్రం లాభం తక్కువ. ఎప్పుడు వదిలేయాలో ఎప్పుడు వేరు చేయాలో అవ్వకు కుండకు చెవి పెట్టి వింటే తెలుస్తుంది. బుడగల చప్పుడు ఆగిందా లేదా అని.

గొంతులో మంట, ముక్కుకు ఘాటు ఉంటే అది ఎండ తగిలిన ఊట. ఈస్ట్ వేడెక్కితే మామూలు మద్యంతో పాటు ఫ్యూసెల్ ఆల్కహాల్స్ అనే బరువైన మద్యాలు ఎక్కువ తయారవుతాయి. మన ఎండలు 40 డిగ్రీలు దాటతాయి, ఈస్ట్‌కు 35 దాటితేనే ఇబ్బంది. ఈ ఘాటును తర్వాత తీసేయడానికి ఇంట్లో ఉపాయం లేదు. నిల్వ ఉంచితే కొంచెం మెత్తబడుతుంది, అంతే. నీడ, మట్టికుండ, తడి గోనె ఇవన్నీ ముందే చేయాల్సిన పనులు. మా మొదటి కుండ కంపు పోయింది గానీ ఈ ఘాటు పోలేదు. దినాల రోజు ఊరి పెద్దాయన ఒక చుక్క నాలుక మీద వేసుకుని "ఎండ తగిలింది" అన్నాడు. రేకుల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇక థిన్నర్, సిర్కా వాసన. ఇది మామూలు ఈస్ట్ పని కాదు. మూత సరిగ్గా లేక గాలి ఆడినప్పుడు వేరే రకం ఈస్ట్‌లు, బ్యాక్టీరియా చేరతాయి. మద్యాన్ని సిర్కా పులుపుగా మారుస్తాయి. ఆ పులుపు మద్యంతో కలిస్తే ఇథైల్ ఎసిటేట్ వస్తుంది, థిన్నర్ వాసన దానిదే. దీన్ని వెనక్కి తిప్పే దారి లేదు. అవ్వ చచ్చిపోయింది అన్నది అందుకే. కాస్తే పోతుంది అన్న మాట కూడా తప్పు. ఇథైల్ ఎసిటేట్ మద్యం కంటే కొంచెం ముందే మరుగుతుంది, అంటే ఆవిరితో పాటే వస్తుంది. గుడ్డు కంపు కూడా అంతే. కుండలో చెడింది సీసాలోకి వస్తుంది.

రెండో కుండను అన్నయ్య పెంటగుంటలో పోశాడు. బెల్లం డబ్బులు పోయాయని రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. ఆ కోపం నాకు అర్థమైంది. కూలికి పోయి తెచ్చిన డబ్బులు అవి. పారబోయమని చెప్పడం తేలిక, పారబోయడం తేలిక కాదు. నిజానికి యూరియా పుట్టింది కూడా ఆ బాధలోంచే.

అందుకే యూరియా గురించి గట్టిగా చెప్పాలి. యూరియాలో, నవాసారంలో నత్రజని ఉన్న మాట నిజమే. ఆకలైన ఈస్ట్‌కు అది తిండి అవుతుందని ఎవరో ఎప్పుడో కనిపెట్టారు. మీడ్ చేసేవాళ్లు కూడా డై అమ్మోనియం ఫాస్ఫేట్ వాడతారు. మనం పొలంలో వేసే డీఏపీ పేరు అదే. కానీ వాళ్లు వాడేది తిండి కోసం శుద్ధి చేసింది, గ్రాముల్లో తూచి, పులియడం మొదలైన తొలి రోజుల్లోనే వేస్తారు. ఎరువు బస్తాలోది తిండికి చేసింది కాదు, అందులో వేరే మలినాలు ఉంటాయి.

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. ఊట పులిసి మద్యం పెరిగిన తర్వాత ఈస్ట్ నత్రజనిని సరిగ్గా తీసుకోలేదు. అంటే దిగిపోయిన కుండలో యూరియా వేస్తే ఈస్ట్ తినదు, అది అట్లనే ఉండిపోతుంది. మిగిలిన యూరియా మద్యంతో కలిసి ఇథైల్ కార్బమేట్ అనే పదార్థం అవుతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని పెట్టింది. కంపు పోలేదు, ఖర్చు పోయింది, తాగినవాడికి విషం మిగిలింది. బాబాయి చెడ్డవాడు కాదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

యాలకులు, నిమ్మకాయ విషం కాదు గానీ అవి చేసేది దాచడమే. షాపు సీసా కలిపితే ఏ కుండలో ఏముందో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఇంకో హెచ్చరిక. వాసన మంచిగుంటే మద్యం మంచిదే అనుకోవద్దు. కల్తీ సారా తాగి చనిపోయిన ఘటనల్లో ఎక్కువగా వినపడేది మిథనాల్ పేరు. అది వాసనకు, రుచికి మామూలు మద్యం లాగే ఉంటుంది. మంట నీలంగా వస్తే మంచిదని చేసే పరీక్ష కూడా నమ్మదగింది కాదు. ఎవరు చేశారో, ఏం కలిపారో తెలియనిది తాగకుండా ఉండటం ఒక్కటే పరీక్ష.

ఇప్పుడు కొందరు అన్నలు, ముఖ్యంగా అక్కలు అడుగుతారు. "చదువుకున్న పిల్లాడివి, తాగుడు మాన్పించాల్సింది పోయి ఊట బాగుచేసేది చెప్తున్నావా?" అని. న్యాయమైన ప్రశ్నే. తాగుడుతో ఇళ్లు కూలిపోవడం నేను చదివి తెలుసుకోలేదు, మా వాడలోనే చూశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగితే, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. వాళ్ల మాట తప్పని నేను అనను.

కానీ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. పండగకు, దినాలకు, పెద్దలకు పోయడానికి పువ్వుతో చేసేది ఒకటి. బెల్లం, పటిక, యూరియా కలిపి రోజూ అమ్మడానికి డ్రమ్ముల్లో చేసేది ఇంకొకటి. రెండోదాన్ని కూడా ఇప్పసారా అనే పిలుస్తున్నారు. దాని చెడ్డపేరంతా మన చెట్టు మీద పడుతోంది. మా అవ్వ పద్ధతిలో చేస్తే రోజూ తాగేంత రాదు కూడా. పువ్వు చాలదు, రోజులు పడతాయి, చెడితే పారబోయాలి. ఈ పద్ధతే తాగుడుకు ఒక హద్దు. ఆ హద్దును చెరిపేసింది యూరియా బస్తానే. మొన్న దినాలకు మేము ఒక్క కుండతోనే సరిపెట్టాం. పెద్దలకు పోశాం, పెద్దవాళ్లు తలా ఇంత తీసుకున్నారు, మిగతావాళ్లకు టీ, జావ. ఎవరూ తక్కువైందని అనలేదు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. లైసెన్సు లేకుండా సారా కాయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, కేసులవుతున్నాయి. ఇంకోపక్క 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండేలా చూడాలని చెప్పింది. అంటే మన ఊళ్లో యూరియా సారా అమ్మకం వద్దని తీర్మానం చేయడానికి మనకు ఆధారం ఉంది. ఎన్ని ఊళ్లల్లో అట్లా చేశాం?

పువ్వు మీద ఆంక్షలు కొత్త కాదు. 1892లోనే బొంబాయి ప్రెసిడెన్సీలో తెల్లవాళ్లు ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చారు. ఇప్పుడు గాలి తిరుగుతోంది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి ఆదివాసీ సంఘాలు తయారుచేసేలా విధానం తెచ్చింది. రేపు మన దగ్గరా ఆ మాట వస్తుంది. అప్పుడు పెద్ద కంపెనీ ల్యాబ్ పెట్టుకుని వస్తుంది. ఏ వాసనకు ఏ కారణం, ఏది బాగవుతుంది, ఏది పారబోయాలి అని రిపోర్టు రాసుకుంటుంది. అదంతా మా అవ్వకు ఇప్పుడే తెలుసు. కానీ కాగితం మీద లేదు. కాగితం లేకపోతే ఏమవుతుందో పోడు భూముల దగ్గర మనం చూశాం.

అందుకని నా మాట ఇది. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టుకుని నాలుగు ప్రశ్నలు అడగండి. ఊట ఏ కుండలో, ఎక్కడ పెట్టేవాళ్లు? ఏ వాసన వస్తే ఆగేవాళ్లు? ఏ వాసన వస్తే ఏం చేసేవాళ్లు? ఏ వాసన వస్తే పారబోసేవాళ్లు? మీ భాషలో ఆ వాసనలకు ఉన్న పేర్లు ఏంటో అట్లనే రాసుకోండి, తెలుగులోకి మార్చకండి. మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ చదివేవాళ్లం దాని పక్కన కారణం రాద్దాం. కలిపి ఒక నోట్‌బుక్ చేద్దాం. ఆ నోట్‌బుక్ చేతిలో ఉంటే యూరియా వద్దని గ్రామసభలో చెప్పడానికీ పనికొస్తుంది.

మా అవ్వకు ఈ పోస్టు చదివి వినిపించాను. హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గర ఆపి, "దాని పేరు ఏదైతే ఏందిరా, రేకుల కింద పెట్టొద్దని మీ అన్నకు రాసినవా లేదా?" అంది.

రాశాను అవ్వా. అన్నయ్యా, నువ్వు కూడా ఈ గ్రూపులోనే ఉన్నావు గదా, చదువు.

జై ఆదివాసీ.